పెరటి మామిడి



రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి మాటలాడువారు పలువురు కలరు. ఈ యుపన్యాసమునకు నిర్ణయింపబడిన విషయము మాత్రము పెరటిలో మామిడి పెంపకము. గ్రంథాలయమునకును మామిడిచెట్టునకును సంబంధమేమని కొందరు నవ్వవచ్చును. కావ్యములనుండి మామిడిని తీసివేసినచో వసంతవర్ణనలలో సగము పుటలు ఖాళీ యగును. కోయిలకు కూర్చుండ కొమ్మ యుండదు. మన్మథుని యయిదు బాణములలో నొకటి తక్కువ పడును. అమరసింహుడు తన నిఘంటువున ఈ చెట్టునకు ఆమ్రము, చూతము, రసాలము అని పేళ్లు చెప్పి, మిక్కిలి సువాసన గల మామిడికి సహకారమను పేరు ప్రత్యేకముగా నిచ్చెను. అనగా మామిడి యంతయు నొక్కటి కాదనియు, చెట్టునకు చెట్టునకు గుణభేదము కలదనియు ఆనాటివారు ఎరిగియే యుండిరి. నేటి యుపన్యాసమంతయు ఆ భేదమును గూర్చియే.

శాకుంతలమున కణ్వాశ్రమ కన్యలు చెట్లకు నీరు పోయుచు ప్రవేశింతురు. అచటి నవమాలికా లత సహకారవృక్షమును వరించిన వధువుగా వర్ణింపబడినది. ఆ శ్లోకములు కంఠస్థమైన యిండ్లలో సైతము నేడు వేసవి వచ్చిన మామిడికాయను తూకమునకు కొనుచున్నారు. చదువు పెరిగినది, పెరడు తరిగినది.

మామిడి జీడి కుటుంబములోనిది. జీడిమామిడి, నల్లజీడి దీని దాయాదులు. కాయ తొడిమనుండి కారు సొన చర్మమును పొక్కించుట ఆ బంధుత్వపు గుర్తు. దీని జన్మస్థానము భారతదేశపు ఈశాన్య భాగమును, దానికి చేరువనున్న బర్మా ప్రాంతమును అని వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయము. పరదేశమునుండి తెచ్చుకొన్న సపోటా, జామ, బొప్పాయి చెట్లవలె దీనికి మన నేలను అలవాటు చేయ నక్కరలేదు.

అయితే అనేకులకు తెలియక నష్టపడు సంగతి యొకటి కలదు. మంచి బంగినపల్లి పండు తిని, ఆ టెంకను పెరటిలో పాతి, ఎనిమిదేండ్లు కాచుకొని, తుదకు పీచు నిండిన పుల్లని కాయను చూచి, నేల మంచిది కాదని నిందించువారు ప్రతి యూరను గలరు. నేలయందు దోషము లేదు. పండు తల్లిచెట్టుది, టెంకలోని జీడి మాత్రము తల్లికిని, ఏ యీగ మోసికొని వచ్చిన పుప్పొడి గల తండ్రిచెట్టునకును పుట్టిన బిడ్డ. బిడ్డ తల్లిని పోలునో, తాతను పోలునో ఎవరును చెప్పజాలరు. పశ్చిమ తీరమందలి ఒలూరు వంటి కొన్ని రకముల విషయము వేరు. వానియందు ఒక్క టెంకనుండి పెక్కు మొలకలు వచ్చును. వానిలో తల్లిచెట్టు కండనుండి పుట్టిన మొలకలు తల్లినే పోలియుండును. మన ప్రాంతపు రకములు చాలవరకు అట్టివి కావు. కావుననే బంగినపల్లి, చిన్నరసము, సువర్ణరేఖ మున్నగునవన్నియు అంటు చెట్లే. ఇప్పటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేర వెలసిన ఆ రకమునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొమ్మనుండి కొమ్మగా ఆ గుణమును చేతులు మార్చుకొనుచు వచ్చినవారు లేకున్నచో ఆ పేరు ఏనాడో మాసిపోయి యుండెడిది.

దీనినే తిరుగవేసి చూడుడు. టెంకనుండి మొలచిన ప్రతి నాటుచెట్టును ప్రపంచమున నొక్కటే. దానివంటిది వేరొకటి లేదు. దానిని నరికినచో ఆ రుచి, ఆ వాసన, ఆ పులుపు పోవును. తిరిగి టెంక పాతినను రావు. పెరటిలోని పుల్లమామిడిని వంటచెరకు లెక్కలో వ్రాయువారికి ఈ సంగతి తెలియవలెను.

ఈ గ్రామమునందే నాలుగేండ్ల క్రిందట జరిగిన సంగతి సభలోని వారనేకులకు తెలిసినదే. ఒక యింట అన్నదమ్ములిరువురు పెరడు పంచుకొనిరి. కొలత తాడు సరిగా ముదుసలి మామిడిచెట్టు మొదలుమీదుగా వచ్చినది. ఆ చెట్టు ఎవరు నాటినదియు కాదు. దిబ్బమీద పడిన టెంకనుండి లేచినది. దాని పండు తినుటకు పనికిరాదు. కాయ మాత్రము ఆవకాయకు పెట్టినది పేరు. టెంక ముదిరిన తరుణమున కోసి, కత్తిపీటపై ముక్కలు కొట్టి, జాడీలో పెట్టినచో ఏడాది తిరిగినను ముక్క మెత్తబడదు, పులుపు చావదు. ఆ వీధిలో సగము యిండ్ల జాడీలు ఆ చెట్టువే. అన్నకు గోడ కావలెను, తమ్మునకును గోడ కావలెను. ఇరువురును దేనియందైనను ఏకీభవించిరన్న చెట్టు నరకుటయందే ఏకీభవించిరి. చెట్టు వెల కట్టి సగము సగము పంచుకొనుటకు సైతము కాగితము వ్రాసిరి. అప్పుడు వారి తల్లి యరుగుమీదనుండి, "గోడ కట్టుకోండిరా, ఎవరొద్దన్నారు? ఈ కాయ మళ్లీ ఏ సంతలోంచి తెస్తారో అది చెప్పండి" అని యొక్క మాట యనెను. ఇరువురిలో నొక్కడును జవాబు చెప్పలేదు.

జవాబు అంటు. అయితే తెలియక మొదట వైశాఖమాసపు టెండలో నాలుగు కొమ్మలు కోసి తెచ్చి కట్టిరి. నాలుగును వారము తిరుగకుండ ఎండిపోయినవి. నాటుచెట్టునకు అంటు పట్టదని వీధిలో నొక మాట పుట్టినది. తప్పు చెట్టుది కాదు, కాలముది. అంటునకు గాలిలో తేమ కావలెను. కూలివాండ్రకు బయానా యిచ్చినను నరకుట వానలవరకు ఆపించిరి. ఆ సంగతి తల్లి పట్టుదలవలననే సాధ్యమైనది. గోడ మూడు నెలలు ఆలస్యమైనది. దానికి అన్నదమ్ము లిరువురును చాల కాలము గొణిగిరి.

తరువాత జరిగిన పని యిది; ఎవరైనను చేయదగినది కావున విపులముగ చెప్పవలసియున్నది. జ్యేష్ఠమాసమున రాలిన పండ్ల టెంకలు 20 ఏరిరి. మామిడి టెంక ధాన్యపు గింజవలె నిలువ యుండదు. నెలలోపల నేలకు చేరనిచో జీవము కోల్పోవును. పై పెంకును జాగ్రత్తగా ఒలిచి, లోని జీడిని ఉబ్బిన యంచు పైకుండునట్లు ఇసుక కలిసిన మట్టిలో పాతిరి. 14 మొలచినవి. మొలచిన పది పదునైదు దినములకు, కాడ ఇంకను రాగిరంగున నుండగా, అంటునకు అదను. అప్పటికి వారము ముందుగనే తల్లిచెట్టుపై మూడు నాలుగు నెలల వయసుగల కొనకొమ్మల నేరుకొని, ఆకులను తుంచి, తొడిమలను మాత్రము మిగిల్చిరి. అట్లు చేసినచో కొన మొగ్గ ఉబ్బి మేల్కొనును. మొలక కాడను రెండు మూడంగుళముల యెత్తున అడ్డముగా కోసి, నడుమ నిలువుగా చీల్చవలెను. కొమ్మ మొదటిని ఇరుప్రక్కల ఏటవాలుగా ఆప్పువలె చెక్కి ఆ చీలికలో దించవలెను. కాడయు కొమ్మయు ఒకే లావు కలిగియుండుట ముఖ్యము. రెండు బెరడులును కనీసము ఒక ప్రక్కనైనను కలియవలెను. పలుచని ప్లాస్టిక్ పట్టీతో గాలి చొరకుండ బిగించి, నీడలో నుంచవలెను. కత్తి పదునుగా నుండవలెను, చేయి త్వరగా నడువవలెను. ఇంతకుమించి రహస్యము లేదు. రెండు మూడు వారములలో మొగ్గ విచ్చినచో అంటు పట్టినట్లే. 14 మొలకలలో 9 పట్టినవి. కార్తికమున చెట్టు కొట్టిరి. 9 మొక్కలలో రెండు అన్న తీసికొనెను, రెండు తమ్ముడు తీసికొనెను. మిగిలినవి ఇరుగుపొరుగులకు పోయినవి. ఒకటి యీ గ్రంథాలయపు వాకిట తొట్టిలో నున్నది. దానిని గూర్చి తరువాత.

ఇక నాటుట. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్టునకును చెట్టునకును నడుమ 20 హస్తముల దూర ముత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 అధమమనియు చెప్పెను. మూరకు అడుగున్నర లెక్కను 20 హస్తములు 30 అడుగులు. నేటి ఉద్యానశాఖవారు పెద్ద మామిడి రకములకు చిరకాలముగా చెప్పుచు వచ్చిన పది మీటర్ల దూరము దాదాపుగా ఇదియే. ఆరవ శతాబ్దపు జ్యోతిష్కుడును నేటి శాస్త్రజ్ఞుడును ఒకే తాడుతో కొలిచినట్లున్నది. కాని మూడు సెంట్ల పెరటిలో 30 అడుగులు ఎక్కడనుండి తేగలము? అట్టివారికి రెండు మార్గములు కలవు. పెద్ద రకము నాటి యేటేట కత్తిరించుట యొకటి. పొట్టి రకము నాటుట రెండవది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు దశేరి, నీలము రకములను కలిపి ఆమ్రపాలి యను రకమును 1970వ దశాబ్దమున వెలువరించిరి. దీనిని రెండున్నర మీటర్ల దూరమున, అనగా ఎనిమిదడుగులకొక చెట్టుగా నాటవచ్చును. ఏటేట కాయును. పండు చిన్నదియే గాని తీపి గాఢము. మన రసములు మరగిన నాలుక దానిని ఒక్కసారిగా మెచ్చుకొనదు. రెండవ యేడు మెచ్చుకొనును.

గొయ్యి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు కలిగియుండవలెను. వేసవిలోనే త్రవ్వి ఎండనీయవలెను. పై మట్టిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువును, కొంత వేపపిండిని కలిపి నింపి, తొలకరి వానలు నిలద్రొక్కుకొన్న పిమ్మట నాటవలెను. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండవలెను. దానిని మట్టిలో పూడ్చుట గొప్ప తప్పు. అంతకంటె గొప్ప తప్పు అంటునకు క్రిందుగా వచ్చు చిగుళ్లను పెరుగనిచ్చుట. అవి టెంకమొక్కవి. ఎరువు పెట్టినవాని సంతోషమునకై త్వరత్వరగా పెరిగి, పైనున్న మంచికొమ్మ ఆహారమును తామే తినివేయును. రెండేండ్లకు అంటు చచ్చును, టెంకమొక్క రాజ్యమేలును. యజమాని మాత్రము తోటవాడు మోసము చేసెనని నర్సరీమీదికి పోవును. వారమునకొకమారు మొక్క మొదలుచూచి, అట్టి చిగుళ్లను గోటితో గిల్లివేసిన చాలును. తొలి రెండు మూడేండ్లు వచ్చిన పూతనుగూడ త్రుంచివేయవలెను. ఇంటివారికి ఇది కష్టముగా తోచును. చిన్నవయసున కాయలు మోసిన మొక్క గిడసబారును.

నేల లేనివారు తొట్టిలో పెంచవచ్చును. చిన్న మొక్కను ఒక్కసారిగా పెద్ద తొట్టిలో దింపరాదు. వేరు చేరని మట్టి తడిసి పులిసి మురుగును. మొదట అడుగు వెడల్పు కుండీ, ఏడాది గడచిన పిమ్మట అడుగున్నర, ఆపైన రెండడుగులకు తక్కువ కాని తొట్టి. అడుగున నాలుగైదు రంధ్రములు చేసి, వానిపై పెంకు ముక్కలు పరచవలెను. ఎఱ్ఱమట్టి రెండు పాళ్లు, చివికిన ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు చాలును. చెఱువు నల్లమట్టి మాత్రమే నింపినవారి తొట్లు వేసవిలో రాయివలె బిగిసి, వానలో బురద గుంటలైనవి. రోజులో ఆరు గంటలైనను ఎండ తగులని చోట మామిడి ఆకులే యిచ్చును, తోరణములకు పనికివచ్చును. మేడమీద పెట్టువారు కప్పు బలమును విచారింపవలెను. రెండడుగుల ఘనపు తొట్టి తడిసిన మట్టితో 300 కిలోలు మించును. దూలము పైగాని గోడ పైగాని పెట్టుట మేలు. రెండు మూడేండ్ల కొకమారు వానల ముందు మొక్కను వెలికి తీసి, చుట్టలు చుట్టుకొన్న వేళ్ల నంచులు కత్తిరించి, క్రొత్తమట్టితో మరల నిలుపవలెను. తొట్టి చెట్టునుండి బండ్లకొలది కాయల నాశింపరాదు. పదులలో లెక్క పెట్టుకొనవలెను.

నీటి విషయమున ఆడువారు దయాళువులు. ఆ దయయే ఒక్కొక్కప్పుడు పూతకు శత్రువగును. ఎదిగిన చెట్టునకు వానలు వెనుకబట్టిన తరువాత పూత వచ్చువరకు నీరు పెట్టరాదు. చలి రాత్రులు, పొడినేల ఈ రెండును కలిసి చిగురుగా రావలసిన మొగ్గను పూతగా మార్చును. ఆ దినములలో బిందె నీరు పోసినచో ఎఱ్ఱని చిగుళ్లు వచ్చును, చూడ సొంపుగా నుండును, కాయ ఉండదు. పిందె బఠాణి గింజంత యైన పిమ్మట నీరు మొదలుపెట్టవలెను. తొట్టిమొక్కకు మాత్రము పూర్తిగా ఆపరాదు, తగ్గింపవలెను. ఆకు వాడకముందే పోయవలెను.

ఒక్కొక్క పూగుత్తిలో వందలు వేలు పూవు లుండును. వానిలో చాలవరకు మగపూవులు. మిగిలినవానిలోను నిలుచునవి స్వల్పము. నూటికొక్క పూవైనను కాయగా ముదురదు. కావున పూత రాలుచున్నదని బెంగపడి మందులకై పరుగెత్తరాదు. పూవులను ఫలదీకరించునవి తేనెటీగలకంటె ఎక్కువగా సాధారణమైన యీగలు. పూవు విచ్చిన దినములలో పురుగుమందు చల్లినవాడు తన పెండ్లి పురోహితుని తానే తరిమివేసినవాడగును. పూమొగ్గ విచ్చకమునుపే తేనెమంచు పురుగు కనిపించినచో వేపనూనె నీటిని చల్లవలెను. బూడిద తెగులునకు నీటిలో కరుగు గంధకపు పొడి. పండు ఈగ బాధకు రాలిన ప్రతి కాయను ఏనాటికానాడు ఏరి పాతిపెట్టుట మొదటి మందు. ఈ చిన్న పని నెవరును చేయరు. ఈగమందు పెట్టెలు మాత్రము కొందురు.

కాయను కోయునపుడు తొడిమ నంగుళమంత నిలిపి కోసి, తలక్రిందుగా నుంచి సొన కారనీయవలెను. ఎండుగడ్డిలో మాగవేసిన పండునకు వారము పట్టును. కార్బైడుతో పండించుట 2011 నాటి ఆహారభద్రతా నిబంధనల ప్రకారము నిషిద్ధము. ఇంటి చెట్టు గలవానికి ఆ చట్టము చదువ నవసరము లేదు.

పూర్వము మన గ్రామ లెక్కలలో చెట్టునకు స్థానముండెడిది. పోరంబోకు భూమిలో చెట్టు పెంచినవారికి భూమిపై హక్కు లేకున్నను, చెట్టు ఫలసాయము ననుభవించుటకు 2-సి పట్టా యిచ్చుచుండిరి. భూమి వేరు, చెట్టు వేరు అను ఈ విచక్షణ లెక్కల కాగితములలో చాల తెలివైనది. అన్నదమ్ముల పంపకములో చెట్టును వంటచెరకుగా వెలకట్టినవారు ఆ తెలివిని మరచిరి.

గ్రంథాలయపు వాకిటి తొట్టిమొక్క మాట మిగిలినది. నిరుడు పూత వచ్చినపుడు త్రుంచివేయగా పిల్లలు కోపగించుకొనిరి. ఈ యేడు పూతను నిలిపిరి. 11 పిందెలు కట్టి, గాలికి ఏడు రాలి, నాలుగు నిలిచినవి. టెంక ముదిరినంతనే ఆ నాలుగింటిని కోసి యా ముసలితల్లి యింటికి పంపిరి. ఆమె తొడిమను గోట గీరి, సొన వాసన చూచి, ఏమియు పలుకక, కోడలిని కత్తిపీటయు ఉప్పును తెమ్మనెను. ఆవపిండి పెద్దకొడుకింటనుండి వచ్చినదట, నూనె చిన్నకొడుకింటనుండి వచ్చినదట. నాలుగు కాయల ఆవకాయకు గోడ కిరువైపుల నెన్ని విస్తళ్లు పడినవో వీధివారికి తెలియును.

తొట్టిమొక్కనుండి ఈ యాషాఢమున ఆరు కొనకొమ్మలకంటె ఎక్కువ తీయుటకు వీలుపడదు. కావలసిన చందాదారులు ఇప్పుడే టెంకలు మొలకెత్తించుకొని, పేర్లు గ్రంథపాలకునివద్ద వ్రాయించవలెను. తమ పెరటిలో నరకదలచిన నాటుచెట్టు గలవారు ఆ సంగతి యదే పుస్తకమున రెండవ పుటలో వ్రాయించినచో, గొడ్డలికి ముందు కత్తి పంపబడును.